పుంజు ఉన్న ఇంటి గుడ్లు

శ్రోతలకు నమస్కారం.

ఉత్తర ఇటలీలో పీద్‌మాంట్ అనే కొండప్రాంతం. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది, తిండికి కటకటగా ఉంది. ముప్పై దాటిన ఒక స్త్రీ సైకిల్ మీద రైతుల ఇళ్లకు వెళ్లి కోడిగుడ్లు అడిగేవారు. మీ దొడ్లో పుంజు ఉందా అని కూడా అడిగేవారు. పుంజు ఉన్న ఇంటి గుడ్లలో బలం ఎక్కువ, నా పిల్లల కోసం అని చెప్పేవారు. ఆమెకు పిల్లల్లేరు. పెళ్లే చేసుకోలేదు. ఆమెకు కావలసింది పిండం పెరిగే గుడ్లు.

ఆమె పేరు రీటా లెవి మోంటాల్చీని. పుట్టింది 1909లో, ట్యూరిన్ నగరంలో. ఆడపిల్లలకు పెద్ద చదువులు, ఉద్యోగాలు వద్దన్న తండ్రిని ఒప్పించి, 1936లో వైద్యంలో పట్టా తీసుకున్నారు. 1938లో ముస్సోలినీ ప్రభుత్వం జాతి చట్టాలు తెచ్చింది. యూదులకు విశ్వవిద్యాలయాల్లో చోటు లేదంది. రీటా యూదుల ఇంటి బిడ్డ.

అప్పుడామె తన పడకగదినే ప్రయోగశాల చేసుకున్నారు. ఆ గది గురించి కాస్త తీరిగ్గా చెప్పాలని ఉంది నాకు. బట్టలు కుట్టే సూదులకు పదును పెట్టి వాటినే కత్తులుగా వాడారు. కంటి డాక్టర్లు వాడే బుల్లి కత్తెర ఒకటి, గడియారాలు బాగుచేసేవాళ్ల పట్టుకారు ఒకటి. ఒక మైక్రోస్కోపు. ఆమెకు పాఠం చెప్పిన ప్రొఫెసర్ జుసెప్పె లెవి కూడా యూదుడే, ఆయన ఉద్యోగమూ పోయింది. ఆ గురువుగారే వచ్చి, శిష్యురాలి పడకగదిలో ఆమెకు సహాయకుడిగా పనిచేశారు! ట్యూరిన్ మీద బాంబులు పడుతుంటే మైక్రోస్కోపు, స్లైడ్లు తీసుకుని నేలమాళిగలోకి దిగేవారు. ఊరు విడిచి కొండపల్లెకు చేరాక అక్కడ చిన్న బల్ల మీద మళ్లీ పని మొదలు. గుడ్డులోంచి పిండాన్ని తీశాక మిగిలినది వంటింట్లోకి వెళ్లేది. ఆ సంగతి తెలిశాక వాళ్ల అన్నయ్యకు ఆమ్లెట్ సయించలేదట.

ఇంతకీ ఆమె వెతికిందేమిటి? కోడిపిల్ల పిండం మూడు రోజులదై ఉన్నప్పుడు, కాలో రెక్కో కాబోయే చిన్న మొగ్గను కత్తిరించేస్తే, ఆ అవయవానికి వెళ్లాల్సిన నరకణాలు బాగా తగ్గిపోతాయి. విక్టర్ హాంబర్గర్ అనే శాస్త్రవేత్త ఈ సంగతి ముందే చూశారు. అవయవం నుంచి పిలుపు అందక ఆ కణాలు తయారే కాలేదని ఆయన అనుకున్నారు. రీటా ఒక్క పిండాన్ని చూసి ఊరుకోలేదు. గంటల తేడాతో, రోజుల తేడాతో పిండాలు తీసి, పలుచని పొరలుగా కోసి, వెండి లవణాలతో రంగు పట్టించి, కణాలు లెక్కపెట్టారు. లెక్కపెట్టారు, మళ్లీ లెక్కపెట్టారు. కణాలు తయారయ్యాయి. బయలుదేరాయి కూడా. చేరాల్సిన చోట తమను నిలబెట్టేది దొరక్క చచ్చిపోయాయి. పుట్టకపోవడం వేరు, పుట్టి చనిపోవడం వేరు. ఆ తేడా పట్టుకున్నది ఆ పడకగది లెక్క.

ఆ లెక్కల మీద రీటా రాసిన వ్యాసం చదివి, యుద్ధం ముగిశాక హాంబర్గరే ఆమెను అమెరికాకు, సెయింట్ లూయిస్‌కు పిలిచారు. కొద్ది నెలల కోసమని 1947లో వెళ్లి దాదాపు ముప్పై ఏళ్లు అక్కడే పనిచేశారు. 1952లో కణితి ఉన్న ఎలుకలను వెంటబెట్టుకుని విమానంలో బ్రెజిల్‌లోని రియో డి జనీరో వెళ్లారు. కణితి ముక్క పక్కన నరాల ముడిని, అంటే నరకణాల గుంపును పెంచితే, దాని చుట్టూ నరాల పోగులు సూర్యకిరణాల్లా విచ్చుకున్నాయి. నరాలను పెంచే ఆ పదార్థాన్ని స్టాన్లీ కోహెన్ అనే జీవరసాయన శాస్త్రవేత్త వేరుచేశారు. మొదట పాము విషంలో, తర్వాత ఎలుక లాలాజల గ్రంథిలో అది బోలెడంత దొరికింది. పాము విషగ్రంథి కూడా ఒక రకం లాలాజల గ్రంథే కదా, అలా తట్టింది. 1986లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. రీటా 103 ఏళ్లు బతికారు. నాకు మాత్రం ఆ బహుమతి కంటే సైకిల్ మీద తెచ్చిన గుడ్లే ఎక్కువ ఇష్టం.

ఎందుకంటే ఆ గుడ్డు మన ఇళ్లలోనూ ఉంది. మా అమ్మమ్మ కోడిపెట్టను పొదుగుకు కూర్చోబెట్టాక, నాలుగైదు రోజులకు ఒక్కో గుడ్డునూ వెలుతురుకు అడ్డంగా పట్టుకుని చూసేది. మీ ఇంట్లో పిల్లలుంటే ఇది చూపించండి. దుకాణంలో కొన్న ఫారం గుడ్డు పనికిరాదు, అక్కడ పుంజు ఉండదు. నాటుకోడి గుడ్డు కావాలి, పెట్ట కింద నాలుగైదు రోజులు ఉన్నది. చీకటి గదిలో గుడ్డు లావుపాటి కొనకు టార్చి ఆనించండి. లోపల చిన్న నల్ల చుక్క, దాని చుట్టూ సాలెగూడులా ఎర్రని రక్తనాళాలు కనిపిస్తాయి. అర నిమిషం చాలు. చల్లారకముందే గుడ్డును తిరిగి పెట్ట కింద పెట్టేయండి.