కుక్క చాక్లెట్ తినేసిందా? ముందు రేపర్ ఏరండి

నమస్తే. కెమెరాకు దగ్గరగా పెడుతున్నా, చూడండి. ఈ రేపర్ మీద పంటి గాట్లు మా రాకీగాడివి. మా పాప పుట్టినరోజు కేకు కోసం తెచ్చిన డార్క్ చాక్లెట్ ఇది. నేను హాల్లోకి వచ్చేసరికి వాడు సోఫా కింద దూరి మూతి నాక్కుంటున్నాడు.

మా అత్తమ్మ వెంటనే "ఉప్పునీళ్లు తాపు, కక్కుతాడు" అన్నది. ఆ పని మాత్రం చేయకండి. ఒంట్లో ఉప్పు ఎక్కువైతే అదే ప్రాణం మీదికి వస్తుంది. గొంతులో వేళ్లు పెట్టడం కూడా వద్దు. కక్కించాలంటే డాక్టరే ఇంజెక్షన్ ఇస్తారు. తిన్న రెండు గంటల్లోపు తీసుకెళ్తే మేలు.

మీరు రేపర్ ముక్కలు ఏరి ఎంత తిన్నదో చూడండి. తర్వాత బరువు. కుక్క మెషీన్ మీద కుదురుగా నిలబడదు కదా, ఎత్తుకుని మీరే ఎక్కండి. అందులోంచి మీ బరువు తీసేయండి. మావాడు 10 కిలోలు.

ఈ లెక్కంతా థియోబ్రోమిన్ కోసం. చాక్లెట్‌లో ఉండే ఈ పదార్థం మన ఒంట్లోంచి తొందరగా పోతుంది, కుక్క ఒంట్లోంచి పోదు. కిలో బరువుకు 20 మిల్లీగ్రాములు దాటితే వాంతులు, విరేచనాలు. 40 దాటితే గుండె దడ, 60 దగ్గర ఫిట్స్. గ్రాము మిల్క్ చాక్లెట్‌లో ఇది సుమారు 2 మిల్లీగ్రాములు, డార్క్‌లో 5 పైనే. మావాడు మింగింది 50 గ్రాములు, అంటే కిలోకు 25 దాటింది. కోకో పౌడర్ అయితే 10 గ్రాములు నాకినా దాదాపు అంతే!

ఫోన్‌లో డాక్టర్‌కు ఇంతే చెప్పాను: "10 కిలోలు, డార్క్ 50 గ్రాములు, 20 నిమిషాలైంది." వెంటనే తీసుకురమ్మన్నారు. వరంగల్ వాళ్లకు మామునూరులో వెటర్నరీ కాలేజీ ఉంది. కానీ రాత్రిపూట ఎవరు ఫోన్ ఎత్తుతారో ఈరోజే కనుక్కుని నంబర్ సేవ్ చేసుకోండి.

హుషారుగానే ఉన్నాడని ఆగకండి. ఒక్కోసారి 12 గంటల తర్వాత లక్షణాలు బయటపడతాయి. ఇంకోటి, సేమియా పాయసంలో వేసే కిస్మిస్‌కు ఈ లెక్కలు పనిచేయవు. కొన్ని కుక్కలకు నాలుగు పలుకులతోనే కిడ్నీలు దెబ్బతింటాయి, కాబట్టి ఎన్ని తిన్నా ఫోన్ చేయండి.

కక్కించాక డాక్టర్ ఒక మాట చెప్పారు. థియోబ్రోమిన్ మూత్రసంచిలోంచి మళ్లీ ఒంట్లోకి ఇంకుతుందట, మాటిమాటికీ మూత్రానికి తిప్పమన్నారు. రాత్రి రెండింటికి హనుమకొండ గల్లీలో నేనూ రాకీ, వెనక మొరుగుతూ వీధికుక్కలు. కోకో డబ్బా ఇప్పుడు సజ్జ మీద ఉంది.