ఒక కటింగ్ ఇస్తే ఏం పోయింది?

(తోటపని మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులవారికి, వేదిక మీద ఉన్న పెద్దలకు, ఎదురుగా కూర్చున్న తోటపని మిత్రులకు నమస్కారం. పేరుపేరునా చెప్పుకుంటూ పోతే నాకిచ్చిన సమయం అందులోనే అయిపోతుంది. ఈ ఒక్క నమస్కారాన్నే అందరూ పంచుకోండి.

నాకు ఇచ్చిన విషయం ‘ప్రదర్శనకు బెగోనియాలు: వసంతం చివరి పనులు’. బెగోనియా అంటే ఇక్కడ దుంప నుంచి మొలిచి, పెద్ద ముద్ద పువ్వులు పూసే కుండీ మొక్క. నేను నర్సరీవాణ్ని కాను, వృక్షశాస్త్రం చదువుకున్నవాణ్నీ కాను. ఉద్యోగం చేసుకుంటూ పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు కుండీల మధ్య తిరిగే మనిషిని. కాబట్టి పాఠంలా చెప్పలేను. పని చేస్తూ పక్కవాడితో మాట్లాడినట్టు మాట్లాడతాను.

ప్రదర్శన రోజున జనం బల్ల ముందు నిలబడి పళ్ళెమంత పువ్వును చూస్తారు. చూసి అందరూ ఒకటే అడుగుతారు, ‘ఏం ఎరువు వేశారండీ?’ అని. ఈ ప్రశ్న వినీ వినీ నాకు విసుగొచ్చింది. ఎరువు అందరూ వేస్తారు. ఆకు పెరిగేటప్పుడు నత్రజని, మొగ్గ పడ్డాక పొటాష్ ఎక్కువున్నది, అదీ పలచగా. ఇందులో రహస్యం లేదు. ఆ పువ్వు వచ్చింది ఎరువుతో కాదు, వసంతం చివర్లో తుంచి పారేసిన మొగ్గల వల్ల. అడిగేవాళ్ళు ఆ రోజుల్లో మా ఇంటికి వస్తే మాత్రం, ‘అయ్యో, పూసే మొగ్గను తుంచేస్తున్నారేమిటి, చేతులెలా వచ్చాయి?’ అంటారు.

ఎందుకు తుంచాలో చెబుతాను. బెగోనియాలో ఒకే మొక్కకు మగ పువ్వులు వేరు, ఆడ పువ్వులు వేరు. మనం మురిసిపోయే ముద్ద పువ్వు మగది. దాని కేసరాలే రేకులుగా మారిపోయి అలా ముద్దవుతుంది. దానికి అటూ ఇటూ వచ్చేవి ఆడ మొగ్గలు, అవి విచ్చుకున్నా ఒంటి రేకులే. గుర్తుపట్టడం తేలిక: మొగ్గ వెనక మూడు రెక్కలున్న పచ్చని కాయ కనిపిస్తే అది ఆడది. ఆ రెండూ తీసేస్తే మధ్య మొగ్గకు బలమంతా వెళుతుంది. అంతకన్నా ముందు, మొక్క ఇంకా చిన్నగా ఉండగా వచ్చే మొదటి మొగ్గలన్నీ, మగవైనా ఆడవైనా, తీసేయాల్సిందే. తోటపని కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు ఇక్కడే ఆగిపోతారు. చేయి ముందుకు వెళ్ళదు.

లెక్క ప్రదర్శన తేదీ నుంచి వెనక్కి వేసుకోవాలి. మనం ఉంచుకున్న మొగ్గ పూర్తిగా విచ్చుకోవడానికి సుమారు 6 నుంచి 8 వారాలు పడుతుంది. రకాన్ని బట్టి, ఎండను బట్టి మారుతుంది. వేడి ఎక్కువైతే తొందరపడి చిన్నగా పూస్తుంది, చల్లగా ఉంటే ఆలస్యం చేస్తుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు ఒకే రకంవి నాలుగైదు మొక్కలు పెట్టుకుని, ఒక్కోదానిలో కొంచెం అటూ ఇటూగా మొగ్గ నిలుపుతారు. ఒక్క మొక్కనే నమ్ముకుని ప్రదర్శనకు వెళ్ళేవాణ్ని నేను ఇంతవరకు చూడలేదు.

ఈ లెక్కలన్నీ నడుస్తుండగానే కుండీలు మార్చాలి. వేళ్ళు అంచును తాకాయో లేదో చూసుకుని ఒక్కో సైజు పెంచుకుంటూ చివరికి 8 నుంచి 10 అంగుళాల కుండీకి తీసుకురావాలి. మట్టి గట్టిగా అదమకూడదు, ఈ వేళ్ళు సన్నవి, గాలి కావాలి. కోసిన పువ్వు పోటీకైతే ఒకే కాడ ఉంచి పక్క కొమ్మలన్నీ తీసేస్తాం, కుండీ మొక్క పోటీకైతే రెండు మూడు కాడలు. కాడకు ఆసరాగా పుల్ల గుచ్చేటప్పుడు అది దుంపలోకి దిగకుండా చూడాలి. ఇంకొకటి, చాలామంది పట్టించుకోనిది: ఆకుల కొసలు ఎటు చూస్తాయో పువ్వులు కూడా అటే చూస్తాయి. ఇప్పుడే ఆ వైపును ముందు వైపుగా పెట్టుకుని కుండీని తిప్పకుండా ఉంచితే, ప్రదర్శన నాడు పువ్వు జడ్జి వైపు చూస్తుంది. రోజుకోవైపు తిప్పితే పువ్వులన్నీ తలోదిక్కూ చూస్తుంటాయి.

నీళ్ళ సంగతి. కుండీ చేత్తో ఎత్తి చూసి బరువును బట్టి పోయండి, టైం టేబుల్ ప్రకారం పోయకండి. ఎండకు నీడ వల కట్టండి. చిగురు ఆకులు చిన్నవైపోయి, గట్టిపడి, అడుగున తుప్పు పట్టినట్టు గోధుమరంగు వస్తే అది ఎండ దెబ్బ అనుకుంటారు చాలామంది. కాదు. కంటికి కనపడనంత చిన్న నల్లి, మొక్క రసం పీల్చే పురుగు అది. ఆ మొక్కను వెంటనే మిగతా వాటికి దూరం చేయండి. బూడిద తెగులు గురించి అడుగుతూ ఎవరో చీటీ పంపారు, తర్వాత చెబుతాను. టీ సమయంలో నన్ను పట్టుకోండి.

ఇప్పటిదాకా చెప్పింది నన్ను చెప్పమన్నది. ఇక నేను చెప్పాలని వచ్చింది కటింగ్ గురించి, అంటే మొక్క నుంచి పిలకను కోసి వేరే మొక్కగా పెంచడం గురించి.

వసంతంలో దుంప నుంచి నాలుగైదు పిలకలు లేస్తాయి. ప్రదర్శనకు కావలసినవి ఒకటి నుంచి మూడు. మిగతావి తీసేయాల్సిందే. పిలక మూడు అంగుళాలు ఎదిగాక, పదునైన కత్తితో దుంప చెక్క కొంచెం అంటుకుని వచ్చేలా కోయాలి. దుంప గాయం మీద గంధకం పొడి అద్దాలి. పిలకను ఇసుకో పెర్లైటో కలిపిన కోకోపీట్‌లో గుచ్చి నీడన తేమగా ఉంచితే మూడు నాలుగు వారాల్లో వేళ్ళు వస్తాయి. అడుగున కన్ను, అంటే మళ్ళీ మొలక లేచే చోటు, ఉండాలి, అది మాత్రం మరవకండి. కన్ను లేని ముక్కకు వేళ్ళు రావచ్చు, ఆ ఏడు పువ్వు కూడా పూయవచ్చు, కానీ మరుసటి ఏడు మొలవదు. కన్ను ఉన్నదైతే పగలు కురచయ్యే కాలానికి సొంత దుంప కట్టుకుంటుంది. ఇంకేం, అది అచ్చంగా అదే మొక్క. రంగు, రేకు, అంచు, అన్నీ అవే.

విత్తనంతో ఆ పని జరగదు. ఈ ముద్ద బెగోనియాలు ఎన్నో జాతులు కలిసి, మళ్ళీ మళ్ళీ కలిసి పుట్టినవి. వీటి పూర్వీకులు ఆండీస్ కొండలవి. 1860లలో రిచర్డ్ పియర్స్ అనే ఆయన ఇంగ్లండ్‌లోని వీచ్ నర్సరీ కోసం ఆ కొండలన్నీ తిరిగి బొలీవియా ఎర్ర బెగోనియాలాంటివి పంపాడు. ఒంటి రేకుల, వేలాడే పువ్వులు అవి. అదే నర్సరీలో జాన్ సెడెన్ వాటిని సంకరం చేసి తెచ్చిన మొదటి మొక్క 1870లో బయటికొచ్చింది. పియర్స్ దాన్ని చూడలేదు. 1868లోనే పనామాలో చనిపోయాడు. ఇవాళ మనం బల్ల మీద పెట్టి కప్పు గెలుచుకునే ప్రతి దుంప వెనకా ఆయన నడిచిన కొండదారులు ఉన్నాయి. ప్రదర్శనల్లో ఎవరైనా ఆయన పేరు తలుస్తారా? నేను వినలేదు.

ఎక్కడికో వెళ్ళాను. ఏం చెబుతున్నాను? విత్తనం. ఇన్ని జాతుల రక్తం కలిసింది కాబట్టి విత్తనం వేస్తే తల్లిలాంటి పిల్ల రాదు. వంద మొలకలు వంద రకాలుగా పూస్తాయి. పైగా బాగా ముద్దగా పూసే మొక్కకు పుప్పొడే ఉండదు, కేసరాలన్నీ రేకులైపోయాయి కదా. సంకరం చేసేవాళ్ళు కాలం చివర్లో మొక్కను చిన్న కుండీలో ఆకలికి మాడ్చి, అది తగ్గి ఒంటి రేకుల పువ్వు పూసినప్పుడు పుప్పొడి తీసుకుంటారు. అంటే ఒక పేరున్న రకం బతకాలంటే దారి ఒకటే, కటింగ్. దుంపను కోసి పంచవచ్చు, కానీ అది ముసలి దుంపకు ప్రమాదం. కటింగ్ ఒక్కటే నికరం.

ఇక్కడ ఒక మనిషి గురించి చెప్పాలి. పేరు చెప్పను. చాలామందికి తెలుసు, తెలియనివాళ్ళు అడగొద్దు. పెద్దాయన. బెగోనియా చేయి అంటే ఆయనది. విత్తనం నుంచి ఆయనే సొంతంగా ఒక రకం తెచ్చాడు. లేత పసుపు మీద ఎర్రటి అంచు, అదీ ఎవరో చక్కగా గీసినట్టు, ఎక్కడా చెదరని అంచు. పువ్వు మధ్యలో రేకుల చుట్టు ఒక్కటే, చీలిపోయేది కాదు. చుట్టు చీలిందంటే మార్కులు పోతాయి, మీకు తెలుసు. ప్రదర్శనకు వచ్చిందంటే మిగతావాళ్ళం రెండో స్థానానికి పోటీ పడేవాళ్ళం.

ప్రతి వసంతంలో ఆయన్ని అడిగేవాళ్ళం. నేనూ అడిగాను, ఇంకా చాలామంది అడిగారు. ‘చూద్దాం లేవయ్యా’ అనేవాడు. ఆ చూద్దాం ఎప్పుడూ రాలేదు. ఇవ్వకపోతే పోయె, అది ఆయన ఇష్టం. ఒక ఏడు ఆయన పిలకలు తీస్తుంటే నేను పక్కనే ఉన్నాను. తీసిన ప్రతి పిలకనూ చెత్తలో వేసే ముందు కత్తెరతో చిన్న చిన్న ముక్కలు చేశాడు. కన్ను ఉన్న అడుగు భాగాన్ని నిలువునా చీల్చాడు. ఎవరైనా చెత్తబుట్టలోంచి ఏరుకుంటారని! నా ముందే చేశాడు. నాతో వాతావరణం గురించి మాట్లాడుతూ చేశాడు.

ఆయన పోయారు. దుంపలు పొడి ఇసుకలో నిద్రపోతున్న కాలంలో పోయారు. నిద్రలో ఉన్న దుంప ఎలా ఉంటుందో మీకు తెలుసు, ఎండిన మట్టి పెళ్ళకు, దానికి తేడా కనపడదు. పిల్లలు దూరం నుంచి వచ్చి ఇల్లు ఖాళీ చేస్తూ పెట్టెలన్నీ గుమ్మరించేశారు. వాళ్ళను ఏమనగలం? వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. మేము విని పరిగెత్తేసరికి చెత్తబండి వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఆ రకం ఎక్కడుంది? ఒక ఫొటోలో ఉంది. నా దగ్గరే ఉంది ఆ ఫొటో, కావాలంటే చూపిస్తాను. ఫొటో నుంచి కటింగ్ తీయగలిగినవాళ్ళు ఈ హాల్లో ఉంటే చేయెత్తండి!

నవ్వకండి. నాకింకా కోపం తగ్గలేదు. ఒక కటింగ్ ఇస్తే ఏం పోయేది? ఒక్కటి. చెత్తలో పోసేదే కదా.

పోటీ కదండీ, మన మొక్క మనకే ఎదురొస్తే ఎలా అంటారు. రానివ్వండి. ఇద్దరి దగ్గరా ఒకే మొక్క ఉంటే అప్పుడు తెలుస్తుంది ఎవరి చేయి మంచిదో. నా దగ్గరే ఉన్న రకంతో నేను గెలిస్తే గెలిచింది దుంప. అందరి దగ్గరా ఉన్న రకంతో గెలిస్తే గెలిచింది నేను. జడ్జీలు చూసేది కూడా రకం పేరును కాదు. పువ్వు ఆకారం, మధ్య చుట్టు, రేకు తాజాదనం, మచ్చ ఉందా లేదా, ఇవీ వాళ్ళు చూసేవి. కప్పు కావాలంటే నీడ వల దగ్గర, నీళ్ళ దగ్గర కష్టపడండి.

స్వార్థంగా ఆలోచించినా ఇదే సరైనది. ఒక శీతాకాలం నా దుంపలకు బూజు పట్టి, నేను ఎంతో ఇష్టపడే తెల్లది, గులాబీ అంచున్న ‘ఫెయిరీలైట్’ మొత్తం పోయింది. అంతకు ముందు ఏడు ఒక మిత్రుడికి దాని కటింగ్ ఇచ్చి ఉన్నాను. వసంతంలో ఆయనే నాకు తిరిగి ఇచ్చాడు. అది పోటీదారు ఇచ్చిన మొక్క. అదే కుండీలో ఇవాళ ఉంది.

ఒక హెచ్చరిక. నల్లి పట్టిన మొక్క, ఆకుల మీద వింత చారలు, వలయాలు ఉన్న మొక్క, వాటి కటింగ్ ఎవరికీ ఇవ్వకండి. వైరస్ కటింగ్‌తో పాటే వెళుతుంది. అలాగే కొన్ని కొత్త రకాల మీద సృష్టించినవాళ్ళకు హక్కులు ఉంటాయి, వాటిని పంచకూడదు. నేను మాట్లాడేది పాత రకాల గురించి, మనవాళ్ళు ఇంట్లో విత్తనం వేసి పుట్టించిన రకాల గురించి. వాటికి నర్సరీలు లేవు, కేటలాగులు లేవు. మనమే.

ఇక్కడ ప్రదర్శనకు పెంచేవాళ్ళు ఎంతమంది ఉన్నారు? చేతులు ఎత్తండి. బాగుంది. మీ అందరికీ ఒక పని. మీ దగ్గర మాత్రమే ఉన్న రకం ఏదో మీకు తెలుసు. ఈ వసంతంలో దాని పిలక ఒకటి తోటివాడికి ఇవ్వండి, పేరు రాసి ఇవ్వండి. అలాగే ఇంట్లోవాళ్ళను షెడ్డు దగ్గరికి తీసుకెళ్ళి, ఈ పెట్టెలో ఉన్నది మట్టి కాదని చూపించండి. రెండో పని ఇవాళే చేయండి.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ముగిస్తున్నాను.

తలుపు పక్కన రెండు ట్రేలు పెట్టాను. లేబుళ్ళున్న ట్రేలోవి వేళ్ళు వచ్చిన కటింగ్‌లు, ఫెయిరీలైట్‌తో సహా. ఒక్కొక్కరు ఒక్కటే తీసుకోండి, వెనక వరుసవాళ్ళకూ మిగలాలి. ఇంటికి తీసుకెళ్ళగానే కుండీ మార్చకండి, వారం రోజులు నీడన కుదురుకోనివ్వండి, లేబుల్ మాత్రం తీయకండి. లేబుళ్ళు లేని ట్రేలోవి విత్తనం మొలకలు. ఆ పసుపు పువ్వులాంటిది ఎప్పటికైనా వస్తుందేమోనని వేస్తున్నాను. ఏవి ఏ రంగో నాకూ తెలియదు. ధైర్యం ఉన్నవాళ్ళు తీసుకోండి, పూశాక కబురు పెట్టండి. నమస్కారం.