మల్టిప్లయర్ ఐసీ లెక్క ఎక్కడ తప్పుతోంది?

(తెర మీద: విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డు. తిరుగుతున్న మోటారు, పక్కన బ్రెడ్‌బోర్డు)

నమస్తే. ఈ మోటారు ఎంత పవర్ తీసుకుంటోందో చూడాలంటే వోల్టేజీని, కరెంటును క్షణక్షణం గుణించాలి. ఆ పని చేసేది ఎనిమిది కాళ్ల ఏడీ633 అనే మల్టిప్లయర్ ఐసీ. ఎక్స్, వై ఇన్‌పుట్లను గుణించి, పదితో భాగించి, జెడ్ ఇన్‌పుట్‌ను కలుపుతుంది.

నేను మొదటిసారి కట్టినప్పుడు మోటారు ఆపేసినా మీటరు పవర్ చూపించింది. ఐసీ మార్చాను. అదీ అంతే.

డేటాషీట్‌లో ఎర్రర్ 2 శాతం అని ఉంటుంది. అది వచ్చిన జవాబులో 2 శాతం కాదు, పూర్తి స్థాయి 10 వోల్టులలో. అంటే 200 మిల్లీవోల్టులు!

(తెర మీద: 1 × 1 ÷ 10 = 0.1 వోల్టు)

ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఒక వోల్టు, సీటీ (కరెంటును కొలిచే ట్రాన్స్‌ఫార్మర్) నుంచి ఒక వోల్టు ఇస్తే జవాబు 100 మిల్లీవోల్టులే. తప్పు దానికి రెట్టింపు ఉండొచ్చు. అదే రెండింటినీ ఆప్‌ఆంప్ అనే యాంప్లిఫయర్ ఐసీతో 8 వోల్టులకు పెంచితే జవాబు 6.4 వోల్టులు. అవే 200 మిల్లీవోల్టులు ఇప్పుడు 3 శాతం చిల్లర. అందుకే ప్రీసెట్లు (స్క్రూడ్రైవర్‌తో తిప్పి సరిచేసే చిన్న రెసిస్టర్లు) తిప్పేముందు సిగ్నల్ పెంచండి. 10 వోల్టులు మాత్రం దాటనివ్వొద్దు, మోటారు స్టార్టయ్యేటప్పుడు కరెంటు ఎంత ఎగురుతుందో మీకు తెలుసు కదా.

ఇక ఆఫ్‌సెట్లు, అంటే సున్నా ఉండాల్సిన చోట ఐసీలో మిగిలే చిన్న వోల్టేజీలు. ఎక్స్‌కు ఎక్స్1, ఎక్స్2 అని రెండు కాళ్లు, వాటి తేడానే ఎక్స్. వై కూడా అంతే. ఎక్స్1ని గ్రౌండ్ చేసి, వై1కి 10 వోల్టుల పీక్ సైన్ వేవ్ ఇవ్వండి.

(తెర మీద: అలలు చూపే సీఆర్‌వోలో చిన్న అల)

సున్నాతో గుణిస్తే సున్నా రావాలి. అల కనిపిస్తోందంటే ఎక్స్ ఆఫ్‌సెట్ ఉన్నట్టే. ప్లస్, మైనస్ 15 వోల్టుల మధ్య 50 కిలో ఓమ్‌ల ప్రీసెట్ పెట్టి, దాని మధ్య కాలిని 300 కిలో, 1 కిలో రెసిస్టర్లతో తగ్గించి ఎక్స్2కి ఇవ్వండి. సుమారు 50 మిల్లీవోల్టులు అటూ ఇటూ జరపొచ్చు. అల బాగా చిన్నదయ్యేదాకా తిప్పండి. వైకీ ఇలాగే. చివర్లో రెండు ఇన్‌పుట్లనూ గ్రౌండ్ చేసి, జెడ్‌తో అవుట్‌పుట్‌ను సున్నాకు తేవాలి. నా మీటరును మోసం చేసింది ప్రధానంగా ఈ అవుట్‌పుట్ ఆఫ్‌సెట్టే.

ఇదంతా ఏసీ గదిలో చేయకండి. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊరు మనది, వేడికి ఆఫ్‌సెట్ జరుగుతుంది. బోర్డు పనిచేసే షెడ్డులోనే కాసేపు ఆన్‌లో ఉంచి, అప్పుడు సెట్ చేయండి.

ఎంత తిప్పినా కొంచెం అల మిగులుతుంది. అది నాన్‌లీనియారిటీ, అంటే ఇన్‌పుట్‌కు సరిగ్గా అదే నిష్పత్తిలో అవుట్‌పుట్ రాకపోవడం. ప్రీసెట్‌తో పోదు. ఈ ఐసీలో ఎక్స్ కంటే వై ఇన్‌పుట్ నికార్సైనది. అందుకే ఎక్కువ హెచ్చుతగ్గులుండే కరెంటు సిగ్నల్‌ను నేను వైకే ఇస్తాను.