తోక ఉన్న మనిషికి బూట్లు పడతాయా? ఫాంటసీ గేముల్లో జంతుజాతులు

[తెర మీద: చీకటి గుహ. పెట్టె మూత మెల్లగా తెరుచుకుంటుంది. లోపల మెరుస్తున్న బూట్ల జత.]

2002లో మోరోవిండ్ అనే కంప్యూటర్ గేమ్ వచ్చింది. ఎల్డర్ స్క్రోల్స్ సిరీస్‌లో అది మూడోది. అందులో మీరు పిల్లి జాతి ఖజీట్‌గానో, బల్లి జాతి ఆర్గోనియన్‌గానో ఆడుతున్నారనుకోండి. నానా తంటాలు పడి గుహలోంచి మంత్రం వేసిన బూట్లు సంపాదిస్తారు. తీరా తొడుక్కోబోతే గేమ్ ఒప్పుకోదు. మీ జాతివాళ్ళకి బూట్లు పట్టవు. ముఖమంతా మూసే ఇనప టోపీ కూడా పట్టదు. ఎందుకంటే ఆ పాదం మనిషి పాదం కాదు. మడమ గాల్లో ఉంటుంది, నడక వేళ్ళ మీద. మూతి ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది.

చాలామంది ప్లేయర్లకి ఇది చిరాకు తెప్పించింది. 2006లో వచ్చిన తర్వాతి గేమ్‌లో ఆ నియమం తీసేశారు. అన్ని బూట్లూ అందరికీ పట్టాయి. ఆట సులువైంది, నిజమే. నాకు మాత్రం ఆ పాత నియమమే ఇష్టం. బూట్లు పట్టని ఆ ఒక్క క్షణంలో, నేను పిల్లి ముఖం తగిలించుకున్న మనిషిని కాదని, వేరే ఒంట్లో ఉన్నానని అర్థమైంది.

[టైటిల్ కార్డు. సంగీతం తగ్గుతుంది.]

నమస్కారం. ఇవాళ మాట్లాడుకునేది రోల్‌ప్లేయింగ్ గేముల్లోని, అంటే ఒక పాత్రలోకి దూరి ఆడే ఆటల్లోని, జంతుజాతుల గురించి. రెండు కాళ్ళ మీద నడుస్తూ, మాట్లాడుతూ, ఊళ్ళు కట్టుకుని బతికే పిల్లులు, బల్లులు, కాకులు, తాబేళ్ళు. పౌర్ణమి రాత్రి తోడేలుగా మారిపోయే మనిషి కథ వేరు. అది ఒక మనిషికి పట్టిన పీడ. మనకి కావలసింది పుట్టుకతోనే అలా ఉండే జనం. వాళ్ళకి పిల్లలుంటారు, సామెతలుంటాయి, పక్క ఊరితో తగాదాలుంటాయి.

టేబుల్ చుట్టూ కూర్చుని మాటలతో, పాచికలతో ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే గేమ్ 1974లో మొదలైంది. మొదట్లో ఇలాంటి జాతులు ఎక్కువగా కత్తికి ఎదురొచ్చే శత్రువులే. నోల్ అనే జాతి గ్నోమ్ అనే మరుగుజ్జుకీ ట్రోల్ అనే రాక్షసుడికీ మధ్యరకం అని ఆ తొలి పుస్తకంలో ఒక ముక్క రాసి వదిలేశారు. 1977కల్లా దానికి హైనా తల వచ్చింది. కోబోల్డ్‌లు అప్పట్లో కుక్క మూతితో కనిపించేవి, 2000 నాటికి డ్రాగన్‌కి దూరపు చుట్టాల్లా తయారయ్యాయి. 1978లో రూన్‌క్వెస్ట్ అనే గేమ్ మాత్రం బాతు మనుషుల్ని తెచ్చింది. చూడగానే నవ్వొస్తుంది. కానీ ఆ బాతుల్లో చాలామంది కొలిచేది మృత్యుదేవుణ్ణి, చచ్చి లేచిన శవాలంటే వాళ్ళకి పగ. ఆ బాతుల్ని తయారుచేసినవాళ్ళు వాళ్ళని జోకుగా వదిలేయలేదు. అందుకే నాకు వాళ్ళంటే గౌరవం.

[తెర మీద: నల్లటి ముసుగు. లోపల కాకి ముక్కు. తలుపు కిర్రుమన్న చప్పుడు.]

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన జాతి దగ్గరికి వస్తాను. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లోని కెంకులు. కాకి మనుషులు. ఒకప్పుడు వీళ్ళకి రెక్కలుండేవి. తమ యజమానికి ద్రోహం చేసినందుకు శాపం తగిలి రెక్కలు పోయాయి, సొంత గొంతు పోయింది, కొత్తగా ఊహించే శక్తి కూడా పోయింది. మిగిలింది అనుకరణ. విన్న శబ్దాన్ని అచ్చుగుద్దినట్టు మళ్ళీ పలకగలరు. పేర్లు కూడా శబ్దాలే. సుత్తి దెబ్బ చప్పుడే ఒకడి పేరు కావచ్చు. తెలుగులో ఆడేవాళ్ళకి ఇది పండగే, ఎందుకంటే మన భాష నిండా అలాంటి మాటలే ఉన్నాయి. కిర్రు, టంగు, గలగల, దబదబ. ఒక కెంకుకి గలగల అని పేరు పెట్టి చూడండి, ఎంత బాగా అతుకుతుందో.

2016 నాటి నియమాల ప్రకారం కెంకు సొంతంగా ఒక్క వాక్యం కూడా అల్లలేడు. ఎవరో ఎప్పుడో అనగా విన్న మాటల్నే, వాళ్ళ గొంతులోనే, అతికించుకుని మాట్లాడాలి. దీని లోతు చూడండి. చిన్నప్పుడు ఒక కాపలావాడు అతన్ని "పారిపో" అని తిట్టి తరిమాడనుకుందాం. ఇరవై ఏళ్ళ తర్వాత స్నేహితుల్ని కాపాడటానికి అతను "పారిపో" అని అరవాలి. నోట్లోంచి వచ్చేది ఆ కాపలావాడి గొంతే. అంతే కోపం, అంతే అసహ్యం. లోపల ఉన్నదేమో ప్రేమ. ఇంతకంటే బరువైన సీన్ రాయాలంటే చాలా కష్టపడాలి. ఇక్కడ ఆ పని నియమమే చేసిపెట్టింది.

2022లో ఈ నియమాన్ని సడలించారు. కెంకు ఇప్పుడు మామూలుగా మాట్లాడొచ్చు, అనుకరణ ఒక అదనపు విద్యగా మిగిలింది. కారణం నాకు అర్థమవుతుంది. నలుగురిలో నోరు విప్పాలంటేనే టెన్షన్ పడే కొత్త ప్లేయర్‌కి పాత పద్ధతి పెద్ద బరువు. అయినా టేబుల్ దగ్గర అందరూ ఒప్పుకుంటే నేను పాతదే ఎంచుకుంటాను.

[తెర మీద: బురద నీళ్ళు. రెండు కళ్ళు మాత్రం పైకి తేలి ఉంటాయి.]

అదే ఆటలోని బల్లి మనుషులు, అంటే లిజర్డ్‌ఫోక్. 15 నిమిషాలు ఊపిరి బిగబట్టగలరు. చర్మమే కవచం. చంపిన జంతువు ఎముకతోనూ తోలుతోనూ కాసేపట్లో డాలు చేసుకోగలరు. ఇవన్నీ ఒంటి సంగతులు. వాళ్ళ మనసు ఇంకా ఆసక్తిగా ఉంటుంది. మనలా వాళ్ళు భయాన్ని లోపల మోయరు. అది ఎదుటి వస్తువుకున్న గుణం. మనం "నాకు భయమేస్తోంది" అంటాం. లిజర్డ్‌ఫోక్ "అది భయపెట్టేది, పోదాం" అంటాడు. పులిని చూసినా అంతే, కూలబోతున్న వంతెనని చూసినా అంతే. ఒక్క వాక్యం తీరు మారితే మొత్తం క్యారెక్టర్ మారిపోతుంది. గొంతు బొంగురుగా పెట్టి బుసకొట్టే నటన కంటే ఇది వెయ్యి రెట్లు నయం.

పిల్లి మనుషులైన టబాక్సీల గురించి క్లుప్తంగా. పోరాటంలో ఒక్కసారిగా వేగం రెట్టింపు చేయగలరు. మళ్ళీ అలా ఉరకాలంటే, తన వంతు వచ్చినప్పుడు ఒకసారి అడుగు కదపకుండా ఉండాలి. ఇంట్లో పిల్లిని చూసినవాళ్ళకి ఇది వివరించక్కర్లేదు.

[తెర మీద: సముద్రతీరం. రాతిగోడల ఆవరణ. ఇసుకలో గుడ్లు.]

తాబేలు మనుషుల్ని టోర్టిల్ అంటారు. నియమాలు తిరగేసేవాళ్ళ కన్ను ముందు పడేది ఆర్మర్ క్లాస్ 17 మీద, అంటే దెబ్బ తగలకుండా కాచే రక్షణని కొలిచే అంకె మీద. కవచం కొనకుండానే అంత రక్షణ. తల, కాళ్ళు డిప్పలోకి లాక్కుంటే ఇంకో 4 కలుస్తుంది, కాకపోతే అక్కడినుంచి కదల్లేరు. సరే, అంకెలు అలా ఉంచండి. వీళ్ళ బతుకు చూడండి.

తాబేలు అనగానే మూడువందల ఏళ్ళు బతికే ముసలి జ్ఞాని మనసులో మెదులుతాడు. టోర్టిల్‌లు సగటున 50 ఏళ్ళే బతుకుతారు. 15 ఏళ్ళకి పెద్దవాళ్ళవుతారు. ఇల్లు వీపు మీదే ఉంటుంది కాబట్టి ఒకచోట పాతుకుపోవాల్సిన పని లేదు, లోకమంతా తిరుగుతారు. ఆయుష్షు తీరబోతోందని తెలిశాక అప్పుడు జోడీ వెతుక్కుంటారు. రాతిగోడల మధ్య గుడ్లు పెడతారు. పిల్లలు బయటికొచ్చాక తల్లిదండ్రులకి మిగిలేది మహా అయితే ఒక సంవత్సరం. ఆ సంవత్సరమంతా కాపలా కాస్తూ, తాము చూసిన లోకం గురించి పిల్లలకి చెబుతూ ఉంటారు. తర్వాత చనిపోతారు. పిల్లలు వాళ్ళు వదిలివెళ్ళిన పనిముట్లూ ఆయుధాలూ తీసుకుని దారి పడతారు.

ఇది తెలిశాక టోర్టిల్ ప్లేయర్ ప్రయాణానికి అర్థమే మారిపోతుంది. అతను గుహల్లోకి వెళ్తున్నది బంగారం కోసం కాకపోవచ్చు. ఒక్క ఏడాదిలో పిల్లలకి చెప్పడానికి సరిపడా కథలు పోగేసుకుంటున్నాడేమో. తాతయ్య, నాన్నమ్మ అనే మాటలకి ఆ జాతిలో మనిషంటూ ఉండడు. మరి వాళ్ళ భాషలో ఆ మాటలుంటాయా? నేను నడిపే ఆటలో ఉండవు.

[తెర మీద: కొండ అంచు. రెక్కల నీడ.]

పక్షి మనుషుల దగ్గర ఒంటికీ నియమాలకీ పేచీ వస్తుంది. ఆరకోక్రా అనే జాతి 2015 నియమాల్లో ఒక వంతులో 50 అడుగులు ఎగిరేది. మామూలు మనిషి నడిచేది 30 అడుగులు. గొయ్యి, గోడ, నది, కాపలా బురుజు, ఇలా ఆట నడిపే డంజన్ మాస్టర్ కూర్చుని తయారుచేసిన అడ్డంకులన్నీ ఒక్క రెక్క ఊపుతో చెల్లిపోతాయి. 2022లో ఆ వేగాన్ని 30కి తగ్గించారు. నిజానికి మందు ఆ జాతి వర్ణనలోనే ఉంది. ఆరకోక్రాలకి మూసిన చోట ఊపిరాడదు. డంజన్ అంటేనే మూసిన చోటు. నేలమాళిగ మెట్ల దగ్గర ఆ పక్షి మనిషి ఆగిపోయి, "మీరు వెళ్ళండి, నేను ఇక్కడే ఉంటాను" అంటే, అంకెలు తగ్గించకుండానే కథ బిగుస్తుంది.

మోరోవిండ్‌లోని పిల్లి జాతి ఖజీట్‌ల దగ్గరికి మళ్ళీ వెళ్దాం. వాళ్ళ లోకంలో రెండు చంద్రుళ్ళుంటాయి, మాస్సర్, సెకుండా. బిడ్డ పుట్టినప్పుడు ఆ రెండూ ఏ కళలో ఉన్నాయన్నదాన్ని బట్టి ఒంటి తీరు ఉంటుంది. ఒకడు ఇంటి పిల్లి అంత, ఇంకొకడు మనిషి సవారీ చేయగలిగినంత పెద్దవాడు. ఇద్దరూ ఒకే తల్లి బిడ్డలు కావచ్చు. ఒకే జాతిలో ఇన్ని ఆకారాలుంటే తలుపు ఎంత ఎత్తు పెట్టాలి? అన్నకి తమ్ముడు అరచేతి మీద పట్టేటంత ఉంటే ఆస్తి పంపకం ఎలా? ఇలాంటి ప్రశ్నలు అడిగేకొద్దీ ఊరు దానంతటదే కళ్ళ ముందు కట్టుకుంటుంది.

[తెర మీద: మాటలు లేవు. ఒక నిమిషం పాటు, ముందు చూపిన ముఖాలన్నీ వరసగా.]

ఇక జాగ్రత్తగా మాట్లాడాల్సిన సంగతి. ఒళ్ళు జాతికంతటికీ ఒకటే కావచ్చు. గుణం అలా కాదు. "హైనా మనుషులు క్రూరులు, నక్క మనుషులు మోసగాళ్ళు" అని రాసేస్తే అది జాతి కాదు, ముద్ర. నోల్‌లనే తీసుకోండి. ఒక వర్ణనలో వాళ్ళు రాక్షసరాజు వెంట శవాలు తిన్న హైనాలనుంచి పుట్టారు, చంపడం తప్ప ఇంకేమీ ఎరగరు. అదే ఆటలోని ఎబెర్రాన్ అనే ఇంకో లోకంలో మాత్రం రాక్షసుల కొలుపు వదిలేసి, కూలికి వేట చేసి బతికే నోల్‌లు ఉన్నారు. అదే దవడ, అదే వాసన పట్టే ముక్కు, అయినా మాట మీద నిలబడే జనం. నాకు ఈ రెండోవాళ్ళే నిజమైనవాళ్ళుగా అనిపిస్తారు.

ముద్ర వేయడం ఆట వరకే ఆగదు కూడా. 2022లో కోతిని పోలిన హాడోజీ అనే జాతికి రాసిన పుట్టుక కథ, బానిసత్వం అనుభవించిన నిజమైన మనుషుల మీద వేసిన పాత నిందల్ని గుర్తుచేసింది. ఆడేవాళ్ళు నొచ్చుకున్నారు, అడిగారు. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ని ప్రచురించే విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ సంస్థ ఆ ఏడాది సెప్టెంబర్‌లో క్షమాపణ చెప్పి ఆ భాగాన్ని తీసేసింది. జంతువు ముఖం వెనక ఏ మనుషుల్ని పెడుతున్నామో రాసేవాళ్ళు ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి.

[తెర మీద: ఖాళీ కాగితం. పెన్సిల్ గీత మొదలవుతుంది.]

మీరే ఒక జాతిని తయారుచేయాలనుకుంటే? ఇప్పుడే ఇక్కడే ఒకటి చేద్దాం. గబ్బిలం మనుషులు.

వీళ్ళు తలకిందులుగా నిద్రపోతారు. అంటే ఇంట్లో విలువైనది నేల కాదు, పైకప్పు. అతిథి వస్తే చాప పరవరు, మంచి దూలం చూపిస్తారు. పెళ్ళిచూపుల్లో "మీకు ఎన్ని దూలాలు?" అని అడుగుతారు. శబ్దం తిరిగొచ్చే తీరుని బట్టి చుట్టూ ఏముందో తెలుసుకుంటారు, కాబట్టి కాగితం మీద గీసిన బొమ్మ వాళ్ళకి ఉత్త కాగితమే. చిత్రకళ అంటే గోడలో చెక్కిన గుంతలూ గట్లే. పుస్తకం ఉబ్బెత్తు గీతలతో ఉంటుంది. ముఖం కంటే గొంతు గుర్తు. పరదా వేలాడదీసిన గది వాళ్ళకి మసకగా ఉంటుంది, ఎందుకంటే గుడ్డ శబ్దాన్ని మింగేస్తుంది. రాతి గది పట్టపగలులా ఉంటుంది.

ఇప్పుడు దీన్ని ఆటలోకి తేవాలి. అందరూ కాగడాలు వెలిగించుకుని గుహలోకి దిగుతారు. మన గబ్బిలం మనిషికి కాగడా అక్కర్లేదు, అందరికంటే ముందు నడుస్తాడు, మలుపు వెనక ఎంతమంది ఉన్నారో చెబుతాడు. మూడు సెషన్లు ఇలా గడిచాక టీమంతా అతని మీదే ఆధారపడిపోతుంది. అప్పుడు ఎదురయ్యే మాంత్రికుడు ఒక పాత, చిన్న మంత్రం వేస్తాడు. నిశ్శబ్ద మంత్రం. 20 అడుగుల మేర ఏ చప్పుడూ పుట్టదు, ఏ చప్పుడూ లోపలికి రాదు. మిగతావాళ్ళకి మాటలు మాత్రమే ఆగిపోతాయి. అతనికి గోడలు మాయమైపోతాయి. కాగడా పట్టుకున్నవాళ్ళలో ఎవరో ఒకరు వెనక్కి తిరిగి, మాట లేకుండా, అతని చెయ్యి అందుకోవాలి.

[తెర మీద: కాగడా వెలుగు. ఒక చెయ్యి, ఒక రెక్క. శబ్దం పూర్తిగా ఆగిపోతుంది.]