జూమ్‌లో కదలని స్తంభాలు

నేను: నమస్కారం. హనుమకొండ నుంచి మాట్లాడుతున్నాను. కెమెరాను ఎక్కడ పెట్టాలో, ఎలా కదపాలో చెప్పడానికి ఈ వారం మన గదిలో ఉన్నది ఎన్నో ఏళ్లుగా పెళ్లిళ్లు, పండుగలు, లఘు చిత్రాలు తీస్తున్న అక్క. పేరు చెప్పవద్దన్నారు. ఎందుకో అడగవచ్చా అక్కా?

అక్క: అడుగు తమ్ముడూ, దాచేదేముంది. నేను తీసిన మొదటి పెళ్లి సంగతి చెప్పబోతున్నాను. ఆ ఇంటివాళ్లు వింటే ఇప్పటికీ తిడతారు.

నేను: అయితే అక్కడి నుంచే మొదలుపెట్టండి.

అక్క: పెళ్లికూతురి నానమ్మ చాప మీద కూర్చుని మనవరాలిని దీవిస్తోంది. నేను నిలబడి, భుజం మీది కెమెరాను అలాగే కిందికి వంచి తీశాను. తర్వాత టీవీలో చూస్తే ఆమె దీవిస్తున్నట్టు లేదు, ఎవరినో ఏదో అడుక్కుంటున్నట్టు ఉంది. ఆమె పెద్దకొడుకు ఒక్క మాటే అన్నాడు: "మా అమ్మను ఇంత చిన్నది చేశావేమమ్మా" అని.

నేను: హై యాంగిల్ చేసిన పని.

అక్క: అవును. పై నుంచి తీస్తే మనిషి తగ్గుతాడు, కింది నుంచి తీస్తే పెరుగుతాడు అని అందరూ చెబుతారు. ప్రతిసారీ అలా జరగదులే, ఉయ్యాలలో పసిపాపను పై నుంచి తీస్తే ఎవరికీ తప్పు అనిపించదు. కానీ ఐ లెవల్, అంటే కంటి ఎత్తులో కెమెరా పెట్టడం అంటారే, ఆ కన్ను ఎవరిది అన్నది నాకు ఆ రోజు తెలిసింది. కెమెరా పట్టినవాళ్ల కన్ను కాదు, ఎదుటి మనిషిది. నానమ్మ చాప మీద ఉంటే నేనూ చాప మీదికి దిగాలి. నా మోకాళ్ల నొప్పులకు వయసు కారణం కాదు, ఐ లెవలే.

నేను: (నవ్వు) సరే, ఇక కదలికలు. పాన్, టిల్ట్...

అక్క: ఆ రెండూ సులువు. ఉన్నచోటే ఉండి కెమెరా తల పక్కకు తిప్పితే పాన్, పైకీ కిందికీ ఆడిస్తే టిల్ట్. ఖిలా వరంగల్‌లో కీర్తి తోరణం ముందు నిలబడినవాళ్లు తెలియకుండానే టిల్ట్ చేస్తారు, కళ్లు అడుగున మొదలై పైనున్న అడ్డదూలం దాకా వెళ్తాయి. చెక్కడాలు చూడాలన్నంత దగ్గరగా నిలబడితే ఆ ఎత్తు ఒక్క చూపులో పట్టదు కాబట్టి తల కదిలింది.

నేను: నేను పాన్ చేస్తే ఫోనులో అంతా తెగి తెగి కనిపిస్తుంది.

అక్క: తొందర వల్ల. సెకనుకు 24 ఫ్రేములంటే 24 ఫొటోలే కదా. ఒక ఫొటోకూ తర్వాతి ఫొటోకూ మధ్య స్తంభం బారెడు దూరం దూకితే కన్ను అతికించుకోలేదు. పాతవాళ్ల లెక్క ఒకటుంది: ఫ్రేములో ఈ అంచున వచ్చిన వస్తువు ఆ అంచు దాటడానికి 7 సెకన్ల దాకా పట్టాలి. తీసేటప్పుడు నత్తనడకలా ఉంటుంది, చూసేటప్పుడు సరిపోతుంది. లేదంటే పూర్తిగా విసిరినట్టు తిప్పెయ్యి, అన్నీ గీతలైపోతాయి. దానికీ ఒక ఉపయోగం ఉంది. ఈ రెండింటికీ మధ్య వేగంతోనే చిక్కు.

నేను: కెమెరానే చక్రాల మీద ముందుకు తోసే ట్రాలీకీ, ఉన్నచోటే ఉండి లెన్సుతో దగ్గరకు లాగే జూమ్‌కీ తేడా ఏమిటక్కా? రెండింటిలోనూ వస్తువు దగ్గరకు వస్తుంది కదా.

అక్క: ఈ ప్రశ్న నన్ను చాలాకాలం ఏడిపించింది. జవాబు వేయి స్తంభాల గుడిలో దొరికింది. రుద్రదేవుడు 1163లో కట్టించిన గుడి. మనలాంటి కెమెరావాళ్ల కోసం కాదనుకో. అక్కడ స్తంభాల ముందు నిలబడి జూమ్ చెయ్యి. ముందున్నదీ వెనకున్నదీ ఒకే కొలతలో పెరుగుతాయి. ముందు స్తంభం చాటున ఏది దాగి ఉందో అది దాగే ఉంటుంది. ఇప్పుడు జూమ్ వదిలేసి నాలుగు అడుగులు నడువు. దగ్గరి స్తంభం గబగబా పెద్దదై పక్కకు తప్పుకుంటుంది. దూరపుది కదిలీ కదలనట్టు ఉంటుంది. ఆ రెండింటి సందులో అంతవరకూ కనిపించని ద్వారం బయటపడుతుంది. లోతు తెలిసేది అలాగే. కన్ను ఉన్నచోటు మారాలి.

నేను: అంటే పాన్‌లో కూడా స్తంభాలు ఇలా ఒకదాన్నొకటి దాటవు.

అక్క: పట్టేశావు! తల తిప్పితే ఎక్కడ దాటుతాయి? కెమెరా ఉన్నచోటే మారాలి, పడవ మీదైనా సరే. 1896లో ప్రోమియో అని, తొలినాళ్లలో సినిమాలు తీయించిన లూమియేర్ సోదరుల కెమెరామన్, వెనిస్‌లో పడవ ఎక్కి ఒడ్డునున్న భవనాలను తీశాడు. పట్టాలు లేవు, చక్రాలు లేవు, నీళ్లే ట్రాలీ. లక్నవరంలో పడవ ఎక్కినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తాడు.

నేను: బతుకమ్మకు మాత్రం టాప్ యాంగిలే అందం అంటారు.

అక్క: అందమే. మధ్యలో తంగేడు, గునుగు, చుట్టూ చీరల చక్రం. నాలుగు సెకన్లు బాగుంటుంది. ఆ తర్వాత ముఖాలేవి? నేను వలయం లోపలికి దూరతాను. ఆడమనిషిని కాబట్టి జరిగి చోటిస్తారు. ఒకసారి అక్కడే దెబ్బ తిన్నాను. లోపలి నుంచి కొంత, బయటి నుంచి కొంత తీశాను. ఇంటికొచ్చి కలిపితే ఒక షాటులో ఆడవాళ్లు ఎడమ నుంచి కుడికి, ఇంకో షాటులో కుడి నుంచి ఎడమకు. పాట ఒకటే, కానీ సగం మంది అలిగి ఇంటికి వెళ్లిపోతున్నట్టుంది.

నేను: 180 డిగ్రీల గీత దాటారు.

అక్క: దాటాను. వాళ్లు నడిచే దారే ఆ గీత. దానికి ఒక పక్కనే ఉండాలి. తప్పనిసరైతే దాటడాన్నే చూపించాలి. అంటే, బయటి నుంచి ఇద్దరి మధ్యలోంచి కెమెరాతో నడుస్తూ లోపలికి వెళ్లాలి. చూసేవాళ్లూ నాతోపాటే వస్తారు కాబట్టి తికమకపడరు. ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన షాటు అదే. కెమెరా ఊగకుండా పట్టే గింబల్ కూడా వాడను. కొంచెం ఊగుతుంది. ఊగనీ, అక్కడ అందరూ ఊగుతూనే ఉన్నారు.

నేను: కొత్తగా నేర్చుకునేవాళ్లు ట్రాలీ పట్టాలు ఎక్కడ తెస్తారు?

అక్క: కూరగాయల తోపుడు బండి చాలదా? చక్రాల్లో గాలి కాస్త తీస్తే కుదుపు తగ్గుతుంది. గుడికి మాత్రం తీసుకుపోవద్దు. పురావస్తు శాఖ కాపాడే చోట ట్రైపాడ్‌కూ డ్రోన్‌కూ ముందే అనుమతి తీసుకోవాలి. తోపుడు బండికి ఏమంటారో అడిగే ధైర్యం నాకు లేదు.

నేను: రేపు మా వీధిలోనే ప్రయత్నిస్తాను.

అక్క: ఏడులోపు అడుగు, టమాటాలు ఎక్కించకముందు. నేనూ వస్తాను. బండి మీద నేను కూర్చుంటాను, తోసేది నువ్వు.