హైదరాబాద్ నుంచి డాలస్: దూరం ఎంత, ప్రయాణం నిజంగా ఎన్ని గంటలు?

నమస్కారం అండీ. పిల్లల దగ్గరికి డాలస్ వెళ్తున్న అమ్మానాన్నల కోసం ఈ వీడియో చేస్తున్నాను. మొదటిసారి టికెట్ చూసి మా అమ్మ, "తెల్లవారుజామున ఎక్కితే సాయంత్రానికి దిగిపోతాను, పన్నెండు గంటలేగా" అంది. నేనూ సరేనన్నాను. ఒక్క పూటకే బీపీ మాత్ర చేతిసంచిలో పెట్టుకుని, మిగతావన్నీ పెద్ద సూట్‌కేసులో సర్దేసింది. తప్పు తెలిసేసరికి అమ్మ గాల్లో ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

ముందు దూరం చూద్దాం. ఇది కోఠీలో పిల్లల కోసం కొన్న గ్లోబు. దారం ఒక కొస హైదరాబాద్ మీద, రెండో కొస డాలస్ మీద పెట్టి బిగించి లాగుతున్నా. చూశారా, దారం ఎటు పోయిందో? దుబాయ్ వైపు కాదు, ఉత్తర ధ్రువం పక్కనుంచి! గోడ మీది మ్యాపు చూస్తే ఇది అస్సలు తట్టదు. మనం తూర్పు రేఖాంశం 78 దగ్గర ఉన్నాం, డాలస్ పడమర 97 దగ్గర. కలిపితే 175. ఇంకో 5 డిగ్రీలుంటే సరిగ్గా భూమికి అటు పక్క. అందుకే దగ్గరి దారి ధ్రువం మీదుగా పడుతుంది. నాకైతే ఎన్నిసార్లు చూసినా ఆశ్చర్యమే.

ఆ దారిన సుమారు 14,400 కిలోమీటర్లు. గంటకు 900 చొప్పున వేసుకుంటే 16 గంటలు. దుబాయ్ మీదుగా వెళ్తే అక్కడికి 2,550, అక్కడినుంచి డాలస్‌కి 12,900. అంటే ఇంకో వెయ్యి కిలోమీటర్లు ఎక్కువ.

ఇక అసలు లెక్క. టికెట్ మీద ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే ఉంటుంది. ఉదాహరణకి, శంషాబాద్‌లో ఉదయం 4:20కి బయల్దేరి, అదే రోజు సాయంత్రం 4:00కి డాలస్‌లో దిగుతారని ఉందనుకోండి. దిగే టైమ్‌ను మన టైమ్‌లోకి మార్చండి. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా పదిన్నర గంటలు కలపాలి, మిగతా రోజుల్లో పదకొండున్నర. ఇది జూలై టికెట్ అనుకుందాం. సాయంత్రం 4:00కి పదిన్నర కలిపితే మనకి మర్నాడు తెల్లవారుజామున 2:30. ఇప్పుడు 4:20 నుంచి లెక్కపెట్టండి. 22 గంటల 10 నిమిషాలు!

ఇందులో దుబాయ్‌కి నాలుగు గంటలు, అక్కడ ఆగేది రెండు గంటల పది నిమిషాలు, మిగతా పదహారు గంటలూ రెండో విమానంలోనే. తిరుగు ప్రయాణంలో గాలి వెనకనుంచి తోస్తుంది కాబట్టి ఆ పదహారులో గంటకు పైగానే తగ్గుతుంది.

శంషాబాద్‌కి మూడు గంటల ముందు చేరాలి, అక్కడ దిగాక ఇమిగ్రేషన్ లైనూ ఉంటుంది. అవీ కలపండి. మందులు మాత్రం హైదరాబాద్ టైమ్ ప్రకారమే లెక్కపెట్టి, రెండు రోజులకు సరిపడా డాక్టర్ చీటీతో సహా చేతిసంచిలోనే పెట్టండి.