నాన్నకి వీడియో కాల్‌లో చూపించిన మైన్ల పడవలు

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? ఇప్స్‌విచ్ నుంచి గంటన్నర రైలెక్కి లోవెస్టాఫ్ట్ వచ్చేశాం. ఇంగ్లండ్‌కి ఇదే తూర్పు చివర. పులిహోర డబ్బా తెచ్చాను, గొడుగు ఇంట్లోనే ఉండిపోయింది, మామూలే.

ఈ పార్కు పేరు స్పారోస్ నెస్ట్, అంటే పిచ్చుక గూడు. 1939లో నేవీ దీన్ని తీసుకుని డిపో పెట్టింది. చేపల పడవల్నీ, వాటి మనుషుల్నీ యుద్ధానికి పంపింది ఇక్కణ్ణుంచే. లోపల చిన్న మ్యూజియం ఉంది.

చేపల పడవకి యుద్ధంలో ఏం పని? నాకూ అర్థం కాలేదు. అందుకే నాన్నకి ఫోన్ కలిపాను. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ముప్పై ఏళ్లు సరంగుగా చేసిన మనిషి. మైన్లు, అంటే ఓడ తగిలితే పేలే సముద్రపు బాంబులు, ఏరేయడమే ఆ పని. మొదటి ప్రపంచ యుద్ధం నాటి పద్ధతి బొమ్మలో చూపించా: రెండు ట్రాలర్లు (వల లాగే చేపల పడవలు) పక్కపక్కన, మధ్యలో నీళ్లలో ఇనప తాడు. "ఇది జంట బోట్ల వలే కదేటమ్మా! వల తీసేసి తాడు ఉంచీసారు, అంతే" అన్నారు.

అంతేనండీ నిజంగా. అడుగున బరువుకి కట్టిన తాడు మీద మైను నీటి మట్టానికి కాస్త కింద నిలబడుతుంది, దారానికి కట్టిన బుడగలాగా. పడవలు లాగే తాడు దాని తాడుని కోసేస్తే మైను పైకి తేలుతుంది. ఇక దూరం నుంచి తుపాకీతో కాల్చడమే. తాడు చుట్టే వించ్ తిప్పడం, బరువు లాగుతూ తిన్నగా నడపడం ట్రాలర్ వాళ్లకి రోజూ చేసే పనే. బ్రిటిష్ నేవీ అడ్మిరల్ బెరస్‌ఫర్డ్ 1907లోనే గ్రిమ్స్‌బీ అనే చేపల రేవుకి వెళ్లి చూసి ట్రాలర్లని వాడమన్నాడట. 1919లో ఒరొపెసా అనే ట్రాలర్ మీద ఒక్క పడవతోనే మైన్లు తుడిచే పద్ధతి తయారైంది. వల నోరు తెరిచే బోర్డు లాంటిదే ఇక్కడ తాడుని పక్కకి లాగుతుంది. ఆ పద్ధతికి పడవ పేరే పెట్టారు. "బోర్డులున్నాయా? మరి చెప్పవేటి!" అని నాన్న కోప్పడ్డారు.

రెండో యుద్ధంలో జర్మనీ అయస్కాంత మైన్లు దించింది. వాటికి తగలక్కర్లేదు, పైనుంచి ఇనప ఓడ వెళ్తే చాలు. అప్పుడు చెక్క పడవలకి గిరాకీ వచ్చింది.

మామూలు నేవీ వాళ్లు ఈ చేపల పడవల వాళ్లని 'హ్యారీ టేట్ నేవీ' అని ఎగతాళి చేసేవారు. హ్యారీ టేట్ అంటే తడబడుతూ నవ్వించే స్టేజీ కమెడియన్. నాకైతే ఒళ్లు మండింది. తర్వాత వీళ్లకంటూ ఒక వెండి బ్యాడ్జి ఇచ్చారు: సొరచేప, వెనక చేపల వల, ఆ వలలో చిక్కిన రెండు మైన్లు.

దగ్గర్లోనే బెల్ వ్యూ పార్కులో స్మారక స్తంభం, మీద కంచు పడవ. కింద పలకల మీద 2,385 పేర్లు, సముద్రమే సమాధి అయినవాళ్లవి. నాన్నకి ఇంగ్లిష్ చదవడం రాదు. "మెల్లిగా తిప్పమ్మా, చదువు" అన్నారు. చదివాను. ఒక పలక కూడా పూర్తి కాకుండానే ఫోన్ చార్జింగ్ 4 శాతానికి వచ్చింది.